బావను పేరు పెట్టి పిలిచిన ఉషారాణి

ఉషారాణి నోట్లో నాలుక లేని మనిషి అని తండాలో అందరూ అంటారు. అనేవాళ్ళకేం, ఎన్నైనా అంటారు. ఆమెకు నాలుక ఉంది, కావలసినదానికన్నా కాస్త పదునుగానే ఉంది. అది ఎవరి ముందు ఆడాలో, ఎవరి ముందు ఆడకూడదో పెళ్ళయిన వారంలోనే అత్త మంగ్లి తేల్చి చెప్పింది. ఆ ఇంటి పద్ధతి ప్రకారం భర్త అన్న ఎదురుపడితే కోడలు కొంగు ముఖం మీదికి లాక్కోవాలి. ఆయనతో మాట్లాడకూడదు. ఆయన పేరు నోటి వెంట రానే రాకూడదు. ఈ రోజుల్లో కూడా ఇవేం పద్ధతులని మీరు అడగొచ్చు. తండాలో సగం మంది ఆడపిల్లలు కొత్తగూడెం కాలేజీలకు పోయి వచ్చి, బావలతో మొహం మీదే పోట్లాడుతున్నారు. మంగ్లి ఇల్లు మాత్రం మిగిలిన సగంలో ఉంది.

ఆ బావ పేరు రెడ్యా. తండాకు అవతల, ఒకప్పుడు టేకు అడవి ఉన్నచోట, ఇప్పుడు బొగ్గు కోసం తవ్విన పెద్ద గొయ్యి ఉంది. అందులో మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీలో ఆయన షవల్ నడుపుతాడు. షవల్ అంటే డంపర్లనే భారీ బండ్లలోకి మట్టిని తోడిపోసే యంత్రం. మనిషి మాట తక్కువ. పెళ్ళాంతో వేరే ఇంట్లో ఉంటాడు గానీ, తమ్ముడు భాస్కర్ అంటే ప్రాణం.

భాస్కర్ లారీ డ్రైవరు. జామాయిల్ కర్ర లోడుతో బూర్గంపాడు వైపు పోతుంటే అడవి మలుపులో లారీ బోల్తా పడింది. నడుము కింద ఒళ్ళు చచ్చుబడింది. దవాఖానాలు తిరిగి తిరిగి, ఇక లాభం లేదని మంచానికి చేర్చారు. ఆనాటి నుంచి రెడ్యా డ్యూటీకి పోయే ముందు రోజూ వచ్చి, తమ్ముణ్ణి రెండు చేతుల మీద ఎత్తుకుని వాకిట్లో చెక్క మీద కూర్చోబెట్టి, స్నానం చేయించి, గడ్డం గీసి, తల దువ్వి మళ్ళీ మంచం మీద పడుకోబెట్టేవాడు. అంత మనిషిని ఎత్తడం ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఆ కాసేపూ ఉషారాణి ఇంటి వెనక పొయ్యి దగ్గర ఉండేది. చాయ్ గ్లాసు గడప మీద పెట్టి గాజులు చప్పుడు చేసేది. ఆ చప్పుడు విని ఆయన వచ్చి తాగేవాడు. పెళ్ళయి పదేళ్ళు దాటినా, వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణ అంతా ఆ గాజులదే.

లారీ పోయాక భాస్కర్‌కు ఫోనే లారీ అయింది. అందులో బండ్లు నడిపే ఆట ఒకటి వేసుకుని, పొద్దంతా ఛాతీ మీద దిండు పెట్టుకుని దాని మీద ఫోను పెట్టుకుని ఆడేవాడు. కాళ్ళు ఆడని మనిషికి బ్రేకు తొక్కే పని కూడా వేలితోనే అయిపోయేది. చూడటం ఉషారాణికి కష్టమయ్యేది. ఆడొద్దని అనడానికి మాత్రం నోరు రాలేదు.

అప్పుడే కంపెనీ వాళ్ళు ఆడవాళ్ళకు డంపర్ నడపడం నేర్పిస్తామని, పాసైన వాళ్ళకు ఉద్యోగం ఇస్తామని చాటింపు వేసినంత పని చేశారు. పదో తరగతి ఉంటే చాలన్నారు. ఉషారాణి హాస్టల్లో వంటపని మానేసి చేరింది. ఆ పనిలోకి మరుసటి రోజే ఇంకొకామె వచ్చింది. అంటే ఇక్కడ పాస్ కాకపోతే అక్కడా లేదు. భాస్కర్ మందులు, మంగ్లి కంటి చుక్కలు, మూడు పూటల తిండి అన్నీ ఈ ఒక్క కొమ్మకే వేలాడుతున్నాయి.

సైకిలు కూడా తొక్కని మనిషి డంపర్ ఏం నడుపుతుందని తండావాళ్ళు నవ్వారు. భాస్కర్ నవ్వలేదు. ఫోను ఆమె చేతిలో పెట్టి మొదటి మెట్టు నుంచి ఆడమన్నాడు. మొదట చిన్న ఆటో ట్రాలీ. ఉషారాణి దాన్ని తీసుకుపోయి నేరుగా కాలువలో పడేసింది. ప్రమాదం తర్వాత భాస్కర్ పళ్ళు కనబడేలా నవ్వడం అదే మొదలు. మళ్ళీ ఆడమన్నాడు. మళ్ళీ కాలువే. ఎక్కడ తిప్పావో గుర్తు తెచ్చుకో, పడిన చోటు కాదు చూడాల్సింది, అంతకు ముందు తిప్పిన చోటు చూడు అని చెప్పాడు. అలా ట్రాలీ లొంగాక మినీ లారీ ఇచ్చింది ఆట. అది లొంగాక టిప్పర్. ఆ తర్వాత కొండ అంచున మట్టి రోడ్డు మీద డంపర్.

ఆ ఆటలో ఆమెకు నచ్చింది ఒక్కటే. పడితే ఎవరూ తిట్టరు. హాస్టల్లో అన్నం మాడితే వార్డెన్ తిట్టింది, ఇంట్లో చారు పలచనైతే అత్త తిట్టింది. పుట్టి బుద్ధెరిగాక తప్పు చేసి మళ్ళీ చెయ్యడానికి సందు ఇచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఫోను ఇచ్చింది. చిన్న బండి వస్తే పెద్ద బండి, పెద్ద బండి వస్తే ఇరుకు దారి, ఇరుకు దారి వస్తే వాన. ఉద్యోగంలో మనుషులు పైకొచ్చేది ఇలాగే గదా, మనకెవరూ మొదటి మెట్టు చూపించలేదు అంతే అనుకుంది. నిజమే మరి. మెట్లు అందరికీ ఒకటే అంటారు గానీ, కొందరికి మొదటి మెట్టు నడుమెత్తు ఉంటుంది.

కంపెనీ ట్రైనింగ్ గదిలో సిమ్యులేటర్ అని ఒకటి పెట్టారు. అదీ ఆటే, కాకపోతే నిజం స్టీరింగు, నిజం సీటు, ముందు మూడు పెద్ద తెరలు. నేర్పేది మక్సూద్ సార్. కొత్తగూడెం మనిషి, జీవితమంతా డంపర్లు నడిపి జుట్టు నెరిసినవాడు. బ్యాచ్‌లో ఉన్న ఆడవాళ్ళంతా ఆ తెరల ముందు కూర్చోగానే తల తిరిగి దిగిపోతుంటే, ఉషారాణి ఇరుకు దారిలో డంపర్‌ను వెనక్కి తీసుకుపోయి షవల్ కింద సరిగ్గా ఆపింది. ఎక్కడ నేర్చుకున్నావని ఆయన అడిగాడు. ఫోన్లో అని చెబితే గదంతా నవ్వింది. మక్సూద్ సార్ మాత్రం నీ చేతికి భయం లేదమ్మా, ఇది దొరకడం కష్టం అన్నాడు. ఆ రోజు ఇంటికి పోతూ ఆమె బస్సులో ఒక్కతే నవ్వుకుంది.

ఆ నవ్వు గొయ్యిలోకి దిగేదాకానే. నిజం డంపర్ ఎక్కాక ఒక నియమం చెప్పారు. షవల్ దగ్గరికి వెనక్కి పోయే ముందు మూడు హారన్లు కొట్టాలి. తర్వాత వాకీటాకీ సెట్‌లో షవల్ నడిపే మనిషిని పేరు పెట్టి పిలిచి, మన బండి నంబరు చెప్పి, వెనక్కి వస్తున్నానని చెప్పాలి. అతను నంబరు తిరిగి పలికి, వెనక ఖాళీగా ఉందని నోటితో చెబితేనే చక్రం కదలాలి. అక్కడ రెండు షవళ్ళు పక్కపక్కనే తవ్వుతుంటాయి, పేరు లేకపోతే ఎవరిని పిలిచారో తెలియదు. ట్రైనింగ్ వాళ్ళకు కేటాయించిన షవల్ మీద ఉన్నది రెడ్యా.

మొదటి పరీక్షలో ఆమె మూడు హారన్లు కొట్టి, అద్దంలో చూసుకుని, అక్షరం పలకకుండా చక్కగా వెనక్కి పోయి ఆపింది. ఫెయిల్ అన్నారు. రెండో పరీక్షలో సెట్ నోటి దగ్గర పెట్టుకుని బటన్ నొక్కింది. నొక్కిన వేలు నొక్కినట్టే ఉంది, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ఫెయిల్. మూడోది ఆఖరు. అదీ పోతే బ్యాచ్ నుంచి తీసేస్తారు.

ఆమెతో పాటు నేర్చుకునే సుమేరా, కొత్తగూడెం మెకానిక్ కూతురు, ఆరా తీసి విషయం లాగింది. విన్నాక ఆమెకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. పద, సార్‌కు చెబుదాం, షవల్ మార్చమందాం అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మక్సూద్ సార్ అంతా విన్నాడు.  తన మొదటి రోజుల్లో ఒక డంపర్ జవాబు వినకుండానే వెనక్కి పోయిందనీ, వెనక కేబుల్ లాగుతున్న మనిషి ఉన్నాడనీ చెప్పాడు.

"పరీక్ష దినం షవల్ మారుస్త, పెద్ద పని గాదు. రేపు డ్యూటీల పడ్డంక ఏం చేస్తవు? నువ్వు పిలువకపోతే ఎవరిదో ఒక ప్రాణం పోతది. గట్లాంటి మనిషికి నేను సంతకం పెట్టనమ్మా."

ఆయన మాటలో తప్పేమీ లేదు. అదే ఆమె పాలిట ఉరి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు చూడండి, ఆమెకు అక్షరాలా అదే అయింది.

భాస్కర్‌కు ఒక ఉపాయం తట్టింది. అదే ఆటలో ఇద్దరు కలిసి ఆడే వీలుంది. సుమేరా పాత ఫోను అడిగి తెచ్చుకున్నారు. ఒక ఫోన్లో అతను షవల్, ఇంకో ఫోన్లో ఆమె డంపర్. సెలవు రోజు మధ్యాహ్నం మంగ్లి పొలం వైపు పోయిన తర్వాత మొదలుపెట్టారు. ఇయ్యాల నేనే నీ బావను, పిలువు అన్నాడు భాస్కర్. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీలోనే. ఉషారాణికి మొగుడి ముందు కూడా ఆ పేరు రాలేదు. చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది. ఇద్దరూ పకపకా నవ్వారు. మళ్ళీ ప్రయత్నించింది. రె అని ఆగిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. బొమ్మ డంపర్ బొమ్మ రోడ్డు మీద కదలకుండా నిలబడి ఉంది. నేను ఆడుకునేటోణ్ణి ఆడుకోక నిన్నెందుకు ఇందులోకి దింపిన్నో అని భాస్కర్ ఏడ్చాడు. అతని ఏడుపు చూసి ఆమెకు ఏమనిపించిందో ఏమో, గట్టిగా, ఇల్లు దద్దరిల్లేలా ఆ పేరు అరిచింది.

గుమ్మంలో మంగ్లి నిలబడి ఉంది. కట్టెల మోపు ఇంకా నెత్తి మీదే ఉంది. కోడలు కాళ్ళ మీద పడబోతే వద్దంది. మోపు దించి, కూర్చుని, చెంగుతో ముఖం తుడుచుకుంది.

"మా బావను నలబై ఏండ్లు పిలువలే నేను. ఆయన సచ్చిననాడు ఏడ్సుకుంట గూడ పేరు తియ్యలే," అంది. "నువ్వు పిలుస్తవు. పిలువక నీకు దారి లేదు, నాకు ఎరికే. పిలిచినంక వాడు ఈ గడప తొక్కడు. నా కొడుకు నాకు తెల్వదా. వీణ్ణి ఎవరు ఎత్తుతరో గది గూడ సూసుకో."

అన్న అర్థం చేసుకుంటాడని భాస్కర్ అన్నాడు. మరునాడు రెడ్యా గడ్డం గీస్తుండగా తనే చెప్పాడు. పరీక్షలో నీ మరదలు నిన్ను సెట్‌లో పిలుస్తుంది, పలుకన్నా, దాని బతుకు నీ చేతిలో ఉంది అన్నాడు. తన బండి నంబరు చెబితే పలుకుతాను గదా, పేరెందుకు అని రెడ్యా అడిగాడు. నియమం చెప్పాడు భాస్కర్. రెడ్యా మిగిలిన సగం గడ్డం గీసి, తల దువ్వి, తమ్ముణ్ణి పడుకోబెట్టి పోయాడు. గడప మీద చాయ్ అలాగే ఉండిపోయింది. ఆ సెట్ ఒకరి చెవిలో మోగేది కాదు. గొయ్యిలో ఉన్న ప్రతి బండిలో వినబడుతుంది, ఆ బండ్లు నడిపేవాళ్ళలో సగం మంది చుట్టుపక్కల తండాలవాళ్ళే. తమ్ముడి పెళ్ళాం పేరు పెట్టి పిలిస్తే సాయంత్రానికి అన్ని తండాలకూ తెలుస్తుంది. తలవంపులు ఆమెకే కాదు, ఆయనకు కూడా. ఆ సంగతి ఉషారాణికి తెలుసు, అందుకే ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

పరీక్ష రోజు ఎండ మండిపోతోంది. డంపర్ ఏడు. పక్క సీట్లో మక్సూద్ సార్. దారి, మలుపులు, ఎత్తు, అన్నీ ఫోన్లో ఎన్నిసార్లు పడి లేచి నేర్చుకున్నవే. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. షవల్ ముందు తిప్పి ఆపింది. మూడు హారన్లు కొట్టింది. సెట్ నోటి దగ్గరికి తెచ్చుకుని కళ్ళు మూసుకుంది.

"రెడ్యా. డంపర్ ఏడు. వెనక్కి వస్తున్న."

అనేసింది. ఏ పిడుగూ పడలేదు. సెట్‌లో గరగర తప్ప ఏమీ వినబడలేదు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ గరగర. అద్దంలో షవల్ కనిపిస్తోంది, దాని క్యాబిన్ అద్దాల వెనక మనిషి కనిపిస్తున్నాడు, తల వంచుకుని ఉన్నాడు. కాసేపటికి షవల్ హారన్ ఒకటి మోగింది. రమ్మనే దాని అర్థం. పాత రోజుల్లో అలాగే పిలిచేవాళ్ళట.

ఆటలో ఇది లేదు. ఆటలో ఎవరి పని వాళ్ళు బాగా చేస్తే చాలు, గెలుస్తారు. ఆమె చెయ్యగలిగింది అంతా చేసింది. నేర్చుకోవాల్సింది నేర్చుకుంది, చంపుకోవాల్సింది చంపుకుంది. ఇప్పుడు గెలుపు ఇంకొకరి గొంతులో ఇరుక్కుని ఉంది. ఆ గొంతు పలకకుండా వెనక్కి పోతే ఫెయిల్. పోకుండా నిలబడితే టైం అయిపోయి ఫెయిల్. మక్సూద్ సార్ గడియారం చూసుకున్నాడు. ఆయన ముఖంలో జాలి కనబడి ఆమెకు ఇంకా భయమేసింది.

బటన్ నొక్కి ఈసారి లంబాడీలో మాట్లాడింది. ఆమె అన్నది ఇది.

"బావా, నేను ఉషను. నీ పేరు తీసిన, తప్పే. నువ్వు పలుకకుంటె ఈ బండి కదలదు. నీ తమ్మునికి మందు నేనే తేవాలె, ఇంకెవరు లేరు. నువ్వు ఎత్తుతవు, కడుగుతవు, గాని తిండి నేను పెట్టాలె గదా. నీ కాళ్ళు మొక్కుత. ఒక్కసారి పలుకు."

భాష తెలియనివాళ్ళకు అర్థం కాలేదు. తెలిసినవాళ్ళు ఎక్కడి బండ్లు అక్కడ ఆపేశారు. ఎప్పుడూ దుమ్ము ఆగని ఆ దారి మీద కాసేపు దుమ్ము లేవలేదు. చాలాసేపటికి సెట్‌లో ఒక గొంతు వినబడింది. "రా," అంది.

పెళ్ళయి పదేళ్ళు దాటాక ఆ మనిషి ఆమెతో అన్న మొదటి మాట అది. ఆమె కాలు బ్రేకు మీంచి తీయబోయింది. తీయలేదు. ఆ జవాబులో నంబరు లేదు, వెనక ఖాళీ ఉందో లేదో లేదు. అది బావ పిలిచిన పిలుపే గానీ, షవల్ ఇచ్చిన జవాబు కాదు. ఏడుస్తూనే మళ్ళీ బటన్ నొక్కింది.

"గట్ల గాదు బావా. నా నంబరు చెప్పు. వెనక ఖాళీ ఉన్నదా లేదా చెప్పు. లేకుంటె లెక్కకు రాదు."

తమ్ముడి పెళ్ళాం తప్పు దిద్దుతుంటే గొయ్యి గొయ్యంతా వింటోంది. రెడ్యా తల ఎత్తాడు.

"డంపర్ ఏడు. వెనక ఖాళీ ఉన్నది. రా."

ఆమె అద్దంలో వెనక చక్రాన్ని చూసుకుంటూ పోయి షవల్ కింద ఆపింది. బకెట్ నిండా మట్టి వచ్చి పడింది, బండి ఊగింది. మక్సూద్ సార్ అక్కడే, ఆ ఊగే సీట్లోనే సంతకం పెట్టాడు. సుమేరా కింద ఎగిరి గంతులేసింది. ఉషారాణి స్టీరింగు మీద తల పెట్టుకుని, వెనక బండి హారన్ కొట్టేదాకా లేవలేదు.

మర్నాడు పొద్దున మంగ్లి నీళ్ళు కాచింది. భాస్కర్ అద్దం ముందు పెట్టుకుని ఎదురు చూశాడు. నీళ్ళు చల్లారాయి. ఇంకోసారి కాచింది. ఉషారాణికి డ్యూటీ బస్సు వేళయింది. చివరికి అత్తాకోడళ్ళు భాస్కర్ కిందికి దుప్పటి తోసి, చెరొక కొస పట్టుకుని లాగారు. సగం దూరం వచ్చాక మంగ్లి నడుము పట్టేసింది. ముగ్గురూ అక్కడే నేల మీద కూలబడ్డారు. ఇలా అవుతుందని నేను ముందే చెప్పాను అని మంగ్లి అనలేదు. అని ఉంటే బాగుండునని ఉషారాణికి అనిపించింది.

రెడ్యా మళ్ళీ రాలేదు. తమ్ముడు ఫోన్ చేస్తే ఎత్తుతాడు, డ్యూటీలో ఉన్నానంటాడు, పెట్టేస్తాడు. పండ్లో, మందులో పంపించాలంటే తన పెళ్ళాంతో పంపిస్తాడు. బస్టాపు దగ్గర ఉషారాణి ఎదురుపడితే ఇప్పుడు ఆయనే తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరుగుతున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. పేరు తీసిన మరదలు తిరిగే ఇంట్లో కాలు ఎలా పెట్టాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. మెట్టు మెట్టుగా నేర్పే ఆట ఆయన కోసం ఎవరూ తయారు చెయ్యలేదు. గొయ్యిలో మాత్రం షిఫ్టు పొడుగునా నియమం తప్పకుండా పలుకుతాడు.

ఉషారాణి జీతంతో ఇల్లు గడుస్తోంది. మందులు ఆగలేదు. భాస్కర్ గడ్డం పెరిగింది, ఆమె గీస్తానంటే వద్దంటాడు. ఫోను దిండు కింద పడేశాడు, ఆట ముట్టుకోవడం లేదు. ఆమె డ్యూటీ దిగి, మొహం నిండా ఎర్రటి దుమ్ముతో గుమ్మంలోకి రాగానే అడిగేది ఒక్కటే.

"అన్న ఏమన్నడు ఇయ్యాల?"

"వెనక ఖాళీ ఉన్నది, రా అన్నడు."

"ఇంక?"

"లోడ్ అయింది, పో అన్నడు."

"గొంతు ఎట్లున్నది? జలుబు జేసినట్టున్నదా?"

"మంచిగనే ఉన్నది."

భాస్కర్ మళ్ళొకసారి చెప్పమంటాడు, అన్న అన్నది అన్నట్టే చెప్పమంటాడు. ఉషారాణి చెప్పులు కూడా విప్పకుండా మంచం పక్కన నిలబడి, డంపర్ ఏడు అనే దగ్గర నుంచి మొదలుపెట్టి మళ్ళీ చెబుతుంది.